చప్పుడు చేయని పెట్టె

దరియావలి ఆ ఆదివారం పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. హాల్లో టీవీ కింద ఉన్న కంప్యూటర్ మూత తీయాలి, లోపలి ఫ్యానుకు పట్టిన దుమ్ము తుడవాలి, రెండు చుక్కలు నూనె వేయాలి, మూత పెట్టేయాలి. అరగంట పని. ఆ తర్వాత స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, వాకాడు నుంచి వచ్చే బావగారి కోసం వసారాలో కుర్చీ వేసుకుని కూర్చోవాలి. ఇల్లలకగానే పండగ కాదని ఆయనకూ తెలుసు. కానీ ఆ రోజు ఆయన ఇంకా ఇల్లు అలకడం కూడా మొదలుపెట్టలేదు.

సూళ్లూరుపేట బజారులో ముప్పై అయిదేళ్ళు మైకు సెట్టు నడిపిన మనిషి దరియావలి. పెళ్ళి పందిట్లో వంటవాడి దగ్గు మైకులో పడనిచ్చేవాడు కాదని ఆయనకు పేరు. లోకంలో ఆయనకు శత్రువంటూ ఉంటే అది ఒక్కటే, గుయ్ మనే చప్పుడు. యాంప్లిఫైయర్ గుయ్ మంటే తిండి మానేసి కూర్చునేవాడు. ఇప్పుడు పెళ్ళిళ్ళకు ఇంటి గోడలు అదిరే డీజేలు వచ్చాక మైకు హారన్లన్నీ అమ్మేసి, ఒక పాత యాంప్లిఫైయర్‌నూ రెండు స్పీకర్లనూ మాత్రం హాల్లో ఉంచుకున్నాడు. పాలిటెక్నిక్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకునే కూతురు సాహిరా, ఒక కంప్యూటర్ బిగించి వాటికి తగిలించి, టీవీకి కలిపి, "నాయనా, ఇదే మన హోమ్ థియేటర్" అంది. అన్నీ బాగున్నాయి. ఆ కంప్యూటర్ ఒక్కటే గుయ్ మంటుంది.

మామూలు రోజైతే ఆయన పళ్ళు బిగబట్టి భరించేవాడు. కానీ ఆ రోజు, చనిపోయిన అత్తగారు మౌలాబీ పేరున ఏటేటా చదివించే ఫాతిహా. మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఆమె గొంతు ఆ స్పీకర్లలో వినిపించాలి.

ఆ గొంతుకు ఒక కథ ఉంది. ముప్పై ఏళ్ళ కింద దరియావలి భార్య నూర్జాన్ అన్న, ఇప్పుడు వస్తున్న ఈ బావగారు కాలేషా, కువైట్‌లో ఉండేవాడు. ఆ రోజుల్లో రాయడం రాని తల్లులు కొడుకులకు ఉత్తరాలు క్యాసెట్లలో పంపేవాళ్ళు. మౌలాబీ ఉత్తరాన్ని రికార్డు చేసే భాగ్యం సహజంగానే మైకు సెట్టు అల్లుడికి దక్కింది. దరియావలి ఆ రోజు చేసిన హంగామా ఇప్పటికీ వీధిలో చెప్పుకుంటారు. పెరట్లో కోళ్ళను గంప కింద మూశాడు, టేబుల్ ఫ్యాను ఆపాడు, కిటికీలు బిగించాడు, ఎదురింటి రోకలి పోట్లు ఆపించాడు. మౌలాబీ ఫోటో స్టూడియోలో కూర్చున్నట్టు కొంగు నిండా కప్పుకుని, మైకు ముందు బిగుసుకుపోయి, గంటసేపు కొడుకుతో మాట్లాడింది.

అంత చేసినా చివర్లో దెబ్బ తగిలింది. మాటలన్నీ అయిపోయాక క్యాసెట్టు ఆగడానికి ఒక్క క్షణం ముందు ఆమె ఇంకేదో అంది. మైకుకు దూరంగా జరిగి అన్నదేమో, బుస్సుమనే టేపు చప్పుడు కింద అది మునిగిపోయింది. కాలేషా కువైట్‌లో ఆ క్యాసెట్టు అరిగేదాకా తిప్పి తిప్పి విన్నా ఆ మాట తేలలేదు. ఆయన తిరిగి రాకముందే మౌలాబీ కన్నుమూసింది. అప్పటినుంచీ ఏ పెళ్ళిలో కలిసినా, నలుగురి ముందూ బావగారి పాట ఒకటే. "మా దరియా మైకు సెట్టు గొప్పదయ్యా. మా అమ్మ ఆఖరి మాటని మింగేసింది." నలుగురూ నవ్వేవాళ్ళు. దరియావలి తల వంచుకుని పలావు తినేవాడు. ముప్పై ఏళ్ళ పలావు అట్లా చేదుగానే దిగింది.

ఈ ఏడు దారి దొరికింది. నెల్లూరులో రికార్డింగు పని చేసే సాహిరా స్నేహితురాలు ఏంజెలిన్ ఆ క్యాసెట్టును కంప్యూటర్‌లోకి ఎక్కించి, బుస్సును వడగట్టి పంపింది. "చివరి మాట దొరికింది అంకుల్. చాలా సన్నగా ఉంది, గది నిశ్శబ్దంగా ఉంటేనే వినపడుతుంది" అని రాసి, పక్కన ఒక నవ్వు బొమ్మ పెట్టింది. ఆ నవ్వు ఎందుకో దరియావలికి అర్థం కాలేదు. వింటే తెలిసేదే, కానీ ఎవరి ఉత్తరం వాళ్ళే ముందు వినాలన్నది ఆయన నియమం. సాహిరాను కూడా విననివ్వలేదు.

తెల్లవారి ఏడు గంటలకు ఆయన స్క్రూడ్రైవర్‌తో కంప్యూటర్ ముందు బాసింపట్టు వేసుకు కూర్చునేసరికి సాహిరా పరుగెత్తుకొచ్చింది.

"నాయనా, దాన్ని ఇప్పుడు ఇప్పబాకు. మధ్యాహ్నం మామ వినాల గదా!"

"అందుకే ఇప్పుతా ఉండా. ఆ గుయ్ మనేది వింటివా? మీ మామ చెవి మిషన్లో అది రొయ్యల గుంట కాడ ఏరేటర్ మాదిరి వినిపిస్తాది."

నిజమే. కాలేషా వాకాడు దగ్గర రొయ్యల గుంటల పక్కన, నీళ్ళు చిలికే ఏరేటర్ల హోరులో ఇరవై ఏళ్ళు కాపురం చేసి చెవులు పోగొట్టుకున్నాడు. ఇప్పుడు రెండు చెవుల్లోనూ మిషన్లు. అవి మనిషి మాటను ఎంత పెంచుతాయో, ఫ్యాను మోతను అంతకు రెట్టింపు పెంచుతాయి.

"అది ప్రాసెసర్ ఫ్యాను నాయనా. దాని మెదడు వేడెక్కకుండా గాలి కొడతా ఉంటాది. అది లేకపోతే కంప్యూటర్ ఆగిపోతాది. నేనొక మాట చెప్తా విను..."

"నువ్వుండమ్మా" అన్నాడు దరియావలి.

నూర్జాన్ కుట్టు మిషను నూనె రెండు చుక్కలు వేయబోతే గడగడమంటూ పావు సీసా పడింది. పని ముగిసేసరికి ఒక స్క్రూ మిగిలింది. మైకు సెట్టు వాళ్ళ శాస్త్రం ప్రకారం మిగిలిన స్క్రూ అక్కరలేని స్క్రూ, కాబట్టి జేబులో వేసుకున్నాడు. స్విచ్చి వేస్తే ఇంతకుముందు గుయ్ మాత్రమే అన్న పెట్టె ఇప్పుడు గుయ్ అంటూనే మధ్యమధ్య టకటకా తాళం కూడా వేసింది.

దరియావలికి రోషం పొడుచుకొచ్చింది. తెల్లవార్లూ కచేరీలు నడిపిన తన యాంప్లిఫైయర్లకు ఏనాడైనా ఫ్యాను ఉందా? అల్యూమినియం దిమ్మ ఒకటి తగిలిస్తే వేడి దాని రెక్కల గుండా మర్యాదగా బయటికి పోయేది. అటక మీదినుంచి అలాంటి దిమ్మ ఒకటి దించాడు. కంప్యూటర్ ఫ్యాను పీకి అవతల పెట్టి, ఆ దిమ్మను రాగి తీగతో ప్రాసెసర్ మీద కట్టాడు. చూడడానికి మేకకు నాగలి కట్టినట్టుంది. కానీ స్విచ్చి వేస్తే సద్దు లేదు.

ఆ నిశ్శబ్దాన్ని ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. వంటింట్లో పలావుకు నూర్జాన్ ఉల్లిపాయలు తరుగుతున్న చప్పుడు, వీధి చివర ఎవరో సైకిలు గంట కొట్టిన చప్పుడు, అన్నీ విడివిడిగా వినిపించాయి. కోళ్ళను గంప కింద మూసిన ఆ పాత మధ్యాహ్నం గుర్తొచ్చింది. అత్తగారు ఊపిరి కూడా ఆచితూచి పీల్చిన గుర్తు. తొమ్మిది నిమిషాలు అట్లా గడిచాక టీవీ నల్లబడింది. దిమ్మ మీద వేలు పెట్టి చూశాడు. వేలు చురుక్కుమంది.

"చెప్పినా గదా నాయనా. నా మాట ఒక్కటి..."

"నువ్వుండమ్మా" అన్నాడు, వేలు నోట్లో పెట్టుకునే.

సరిగ్గా అప్పుడు పక్కింటి ఏసుమణి వసారాలోకి వచ్చాడు. ఏసుమణి పులికాట్ రొయ్యలూ చేపలూ థర్మోకోల్ పెట్టెల్లో చెన్నై పంపే వ్యాపారి. వాళ్ళ వాకిలి ఉన్న పక్క సందులోకి ఆటో దూరదు. అందుకని రోజూ పెట్టెలు తెచ్చి దరియావలి వసారా నీడలో పేర్చిపోతాడు. ఆటో వచ్చి స్టేషనుకు తీసుకుపోతుంది. పద్దెనిమిదేళ్ళుగా అదే వాడుక. ఆ పెట్టెలు కనపడని రోజు వసారా బోసిగా ఉంటుందని నూర్జాన్ కూడా ఒప్పుకుంటుంది.

"ఏందన్నా, చిన్నబిడ్డ మాదిరి వేలు నోట్లో పెట్టుకోనుండావ్?"

దరియావలి తన గోడు వెళ్ళబోసుకున్నాడు. ఏసుమణి అంతా విని చప్పరించేశాడు.

"వేడే గదన్నా నీ బాధ? నడి ఎండాకాలంలో రొయ్యని మీసం వాడకుండా మెడ్రాసు దాకా పంపిస్తా ఉండా. నీ పెట్టెని మూడు గంటలు చల్లంగా ఉంచలేనా? ఐసులో పెట్టెయ్."

పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుంది ఆ సలహా. కానీ కాలిన వేలికి ఐసు అన్న మాట ఎంత చల్లగా తగిలిందో వర్ణించలేం. ఏసుమణి తన పెట్టె ఒకటి తెచ్చాడు. అడుగున గట్టి ప్లాస్టిక్ కవర్లలో ఐసు ముక్కలు మూటగట్టి పరిచాడు. కంప్యూటర్‌ను రెండు పొరల ప్లాస్టిక్‌లో చుట్టి, కొత్త పెళ్ళికూతుర్ని పీట మీద కూర్చోబెట్టినట్టు దాని మీద కూర్చోబెట్టాడు.

"తడి తగిలితే కాలిపోతాది నాయనా" అని సాహిరా మొత్తుకుంది. "ఇదంతా ఏమీ అక్కర్లేదు, నా..."

"నువ్వుండమ్మా!" అన్నారు ఈసారి ఇద్దరూ.

మూడోసారి కావడంతో సాహిరాకూ పంతం పట్టింది. చున్నీ విదిలించుకుని, తల్లికి ఉల్లిపాయలు తరగడానికి వెళ్ళిపోయింది.

పెట్టె హాల్లో పెడదామంటే నూర్జాన్ ఒప్పుకోలేదు. "ఏమయ్యా, ఫాతిహా పూట హాల్లో చేపల పెట్టె పెట్టినావంటే నేను మా అన్నతో వాకాడుకి పోతా" అంది. అందుకని పెట్టెను వసారాలోనే, హాలు కిటికీ కింద పెట్టి, వైర్లను కిటికీ గుండా లోపలికి లాగారు. స్విచ్చి వేశారు. టీవీ వెలిగింది. అరగంట గడిచినా ఆరలేదు. చెవి ఆనించినా చప్పుడు లేదు. దరియావలి ఏసుమణిని కౌగిలించుకున్నాడు. ఆ చొక్కాకు ఉన్న చేపల వాసన కూడా ఆయనకు అత్తరులా ఉంది.

బావగారు వచ్చేలోగా ఐసు కరిగిపోతుందని కంప్యూటర్ ఆపి, వైర్లు ఊడదీసి, పెట్టెకు మూతపెట్టి, ఏసుమణి చూపించినట్టే చుట్టూ టేపు బిగించాడు. పదిన్నరకు నిశ్చింతగా స్నానానికి వెళ్ళాడు. ఏసుమణి తన నాలుగు పెట్టెలూ తెచ్చి ఎప్పటిలాగే వసారాలో పేర్చి, గుడ్డలు మార్చుకుని వస్తానని ఇంటికి వెళ్ళాడు.

పదకొండుకు ఆటో పెంచల్ వచ్చాడు. పెంచల్‌కు ఇద్దరు మనవళ్ళు. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఒక్క రొయ్య కూడా రోడ్డు మీద పడేయని నమ్మకస్తుడు. ఏసుమణి నాలుగు పెట్టెలని చెప్పాడు. వసారాలో అయిదున్నాయి. అన్నీ ఒకే తీరు, అన్నిటి మీదా నీలి సిరాతో 'ఏసుమణి, చెన్నై' అని రాసి ఉంది. చెప్పింది నాలుగే కనుక, కిటికీ కింద ఉన్నదానితో మొదలుపెట్టి దగ్గరగా ఉన్న నాలుగూ ఎక్కించుకుని, స్టేషనులో చెన్నై బండి వేళకు సరిగ్గా చేర్చడానికి వెళ్ళిపోయాడు. స్నానాలగదిలో దరియావలి పాత పెళ్ళి పాట ఒకటి కూనిరాగం తీస్తున్నాడు.

కాలేషా పదకొండున్నరకు దిగాడు. తెల్ల చొక్కా, తెల్ల లుంగీ, రెండు చెవుల్లో మిషన్లు. దరియావలి ఎదురెళ్ళి చెయ్యి పట్టుకుని, "బావా, ఈ పొద్దు నువ్వు నన్ను తిట్టేది ఆఖరుసారి" అన్నాడు. నేరుగా వసారాలో మిగిలిన పెట్టె దగ్గరకు తీసుకెళ్ళాడు. అది కిటికీ కింద నుంచి కాస్త జరిగినట్టు అనిపించింది కానీ, నూర్జాన్ ఊడ్చేటప్పుడు జరిపి ఉంటుందనుకున్నాడు.

"ఇందులోంచి చప్పుడన్నది బయటికి రాదు బావా. అమ్మ మాట ఒక్కటే వస్తాది. చూడు" అంటూ టేపు చించి, మూత ఎత్తాడు.

కాలేషా వంగి చూశాడు. చేతి నిండా తీసి, వెలుగుకు పెట్టి, బొటనవేలితో నొక్కి చూశాడు. రొయ్యల విషయంలో ఆయనకు చెవులతో పని లేదు.

"వనామీ. కేజీకి ముప్పై తూగే సరుకు. బాగుండాది" అన్నాడు. తర్వాత నిదానంగా తలెత్తాడు. "ఇందులోంచా మా అమ్మ మాట్లాడేది?"

కిటికీలోంచి వేలాడుతున్న వైర్ల కొసలు గాలికి ఊగుతున్నాయి. సరిగ్గా అప్పుడే కొత్త చొక్కాతో వచ్చిన ఏసుమణి వసారాలో లెక్క చూసి గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"అయ్యో అన్నా! పెంచల్ నీ కంప్యూటర్‌ని ఎత్తకపోయినాడు!"

పెంచల్‌కు ఫోను చేస్తే ఆటో మోతలో ఎత్తలేదు. ఇద్దరూ ఏసుమణి స్కూటరెక్కి స్టేషనుకు పరుగెత్తారు. ఆదివారం సంతకు అడ్డంగా, గొర్రెల మందను దాటుకుని, దరియావలి చెప్పు ఒకటి జారిపోయినా ఆపకుండా వెళ్ళారు. ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టేసరికి బండి వెనక పెట్టె మాత్రం కనిపించింది. అది తడ వైపు హాయిగా సాగిపోతోంది. పెంచల్ టీ తాగుతున్నాడు.

"పెంచలా, కిటికీ కింద ఉండే పెట్టెని ఎందుకు ఎత్తినావయ్యా?"

"దాని మీద ఏసుమణి, చెన్నై అని రాసుండాది గదన్నా. నేను చదువుకున్నోణ్ణి" అన్నాడు పెంచల్, కాస్త నొచ్చుకుని. "అయినా అది బలే బరువుండాది. మంచి సరుకనుకున్నా."

దరియావలి స్టేషను బెంచీ మీద కూలబడ్డాడు. పోయింది కంప్యూటర్ కాదు, దాంట్లో తప్ప ఇంకెక్కడా లేదనుకున్న ముప్పై ఏళ్ళ మాట. ఇకమీదట బావగారి పాటకు రెండో చరణం కూడా చేరుతుంది. మొదటిసారి మింగేశాడు, రెండోసారి రైలెక్కించాడు. ఏసుమణి చెన్నైలో సరుకు దించుకునే ఆండ్రూకు ఫోను చేసి, ఒక పెట్టె ఇప్పకుండా పక్కన పెట్టమన్నాడు. స్టేషనులో సిగ్నల్ సరిగా లేక, అవతల ఏం వినిపించిందో దేవుడికే తెలియాలి.

ఒంటి గంటకు ఒంటి చెప్పుతో దరియావలి ఇల్లు చేరేసరికి, వీధి మలుపులోనే ఘుమఘుమ తగిలింది. వసారాలో పెట్టె ఖాళీగా, కడిగి, ఎండకు బోర్లించి ఉంది. కాలేషా అరుగు మీద కూర్చుని చేతులకు అంటిన పొట్టు కడుక్కుంటున్నాడు.

"అక్కా!" అని ఏసుమణి కేకేశాడు. "అందులో ఉండేవి నా రొయ్యలు!"

"నీవేనయ్యా, ఎవరు కాదన్నారు?" అంది నూర్జాన్ వంటింట్లోంచి. "ఐసు కరిగిపోయి పాడైపోతా ఉంటే మా అన్న ఒలిచిచ్చినాడు, నేను వేయించినా. అందుకే నీకూ ఒక పళ్ళెం పెట్టినా. కూర్చో."

ఏసుమణి కూర్చున్నాడు. గోరుచుట్టు మీద రోకటి పోటు పడినా మనిషి తినకుండా ఉండలేడు. పైగా వేపుడు బ్రహ్మాండంగా కుదిరింది. ఫాతిహా అయ్యింది. పలావు, దాల్చా, చెన్నై వాళ్ళ రొయ్యలు, అన్నీ వడ్డించారు. దరియావలికి మాత్రం ముద్ద దిగలేదు. తిట్టు ఎప్పుడు పడుతుందా అని బావగారి వైపు ఓరకంట చూస్తూ మెతుకులు కెలికాడు.

రెండున్నరకు ఆండ్రూ నుంచి ఫోను వచ్చింది. ఏసుమణి స్పీకర్ పెట్టాడు.

"ఏసుమణీ, మూడు పెట్టెలు సరిగా ఉండాయి. నాలుగోది ఇప్పినాను. ఐసు బాగుంది, ప్యాకింగు బాగుంది" అన్నాడు ఆండ్రూ, తమిళం కలిసిన తెలుగులో చాలా ఓపికగా. "సరుకే కొత్తగా ఉంది. కేజీకి ఎన్ని తూగుతాయి ఇవి?"

ఎవరూ నవ్వలేదు. కాలేషాకు మాత్రం మీసం కొద్దిగా కదిలింది. ఆయన లేచి వచ్చి దరియావలి పక్కన గోడకానుకుని కూర్చున్నాడు.

"దరియా, పోనీలే. అంత మొహం పెట్టబాకు."

"బావా, రేపు బండికి తెప్పిస్తా. నీ కాళ్ళు పట్టుకుంటా..."

"తెప్పించబాకు" అన్నాడు కాలేషా. "నేను నిన్ను ఇన్నేళ్ళూ ఎందుకు తిట్టినానో తెలుసునా? క్యాసెట్టు కోసం కాదయ్యా. ఆ చివర్లో అమ్మ నన్ను వచ్చెయ్ అనిందేమోనని. ఒక్కసారి రారా నాయనా అనిందేమో. అది వినపడుంటే నేను ఆ వారమే బండెక్కుందును. వినపడలా. ఇంక రెండేళ్ళు ఆడే ఉండిపోయినా. నేను వచ్చేసరికి అమ్మ లేదు. ఆ మాట పిలుపేనేమో, నాకు వినపడకనే రాలేదేమో అని... ఎవరినో ఒకరిని తిట్టకపోతే ఉండలేకపోయినా. నువ్వు దొరికినావు."

నూర్జాన్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దరియావలికి ఇన్నాళ్ళ చేదు ఒక్కసారిగా ఎటు పోయిందో పోయింది. దాని చోట అంతకంటే పెద్ద బరువు వచ్చి కూర్చుంది. నలుగురిలో తనను ఎగతాళి చేసిన మనిషి లోపల ఇది మోస్తున్నాడని ముప్పై ఏళ్ళలో ఒక్కనాడూ తోచలేదే అనుకున్నాడు. బావగారి చెయ్యి మీద చెయ్యి వేశాడు.

వంటింటి గుమ్మంలో నిలబడ్డ సాహిరా కళ్ళు తుడుచుకుని ముందుకొచ్చింది. పంతం ఎప్పుడు వదిలేయాలో ఆ పిల్లకు తెలుసు.

"మామా, ఆ రికార్డింగు నా ఫోన్లో ఉండాది."

అందరూ సాహిరా వైపు తిరిగారు.

"ఏంజెలిన్ పంపిందే నా ఫోనుకి. ఇందులోంచే కంప్యూటర్లోకి ఎక్కించినా. ఫోనుకి ఫ్యాను ఉండదు నాయనా. నీ యాంప్లిఫైయర్‌కి ఒక్క వైరు తగిలిస్తే చాలు."

"పొద్దున్నుంచీ ఉండాదా?" అన్నాడు దరియావలి, సన్నగా.

"మూడుసార్లు చెప్పబోయినా. నువ్వుండమ్మా అంటివి."

చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. దరియావలి లేచాడు. ఆయన లేచిన తీరు చూసి నూర్జాన్ గుర్తుపట్టింది. ముప్పై ఏళ్ళ కింద కోళ్ళను గంప కింద మూసిన మనిషి మళ్ళీ వచ్చాడు. ఫ్రిజ్ ఆపాడు. గోడ గడియారంలో బ్యాటరీ పీకాడు. కిటికీలు బిగించాడు. కొళాయికి గుడ్డ చుట్టాడు. ఏసుమణిని ఊపిరి నోటితో పీల్చమన్నాడు. ఆఖరున సీలింగు ఫ్యాను స్విచ్చి కట్టేశాడు. అది నడివేసవి మధ్యాహ్నం. నిమిషంలో అందరి మొహాల మీదా చెమట బొట్లు లేచాయి.

స్పీకర్ల ఎదురుగా కాలేషా కూర్చుని చెవి మిషన్లు సర్దుకున్నాడు. సాహిరా ఫోనును యాంప్లిఫైయర్‌కు తగిలించి మీట నొక్కింది.

"కాలేషా... నాయనా... బాగుండావా?"

ఆ గొంతు వినగానే నూర్జాన్ వెళ్ళి స్పీకరు పక్కన కూర్చుంది. తల్లి ఆ హాల్లో పక్కనే కూర్చుని మాట్లాడుతున్నట్టుంది. "నేను బాగుండా. నీ చెల్లెలు పలావులో ఉప్పు ఇంకా ఎక్కువే వేస్తా ఉండాది. నువ్వు పంపిన దుప్పటి బలే వెచ్చంగా ఉండాది, ఈడ ఎండలకి ఎవురు కప్పుకుంటారు నాయనా? మా అల్లుడు నన్ను గట్టిగా ఊపిరి కూడా పీల్చబాకంటాడు. చప్పుడు పడతాదంట..." ఎవరికి పెళ్ళయ్యింది, ఏ గేదె ఈనింది, చింతచెట్టు ఎట్లా కాసింది, అన్నీ వచ్చాయి. మధ్యలో ఆమె నవ్వింది. ఆ తర్వాత చనిపోయినవాళ్ళూ ఊరు విడిచినవాళ్ళూ అందరూ ఆమె మాటల్లో బతికి తిరిగారు. కాలేషా కళ్ళు మూసుకుని ప్రతి మాటకూ తలూపాడు. ఆయనకు అవన్నీ కంఠతా వచ్చు.

మాటలు అయిపోయాయి. "ఉంటా నాయనా. ఖుదా హాఫిజ్" అంది. కుర్చీ కిర్రుమంది. కాలేషా వేళ్ళు దరియావలి మణికట్టును గట్టిగా పట్టుకున్నాయి. ఇన్నేళ్ళూ బుస్సు కింద మునిగిన చోటు వచ్చింది. ఏసుమణి ఊపిరి పూర్తిగా ఆపేశాడు. దూరం నుంచి, మొహం పక్కకు తిప్పుకుని, కొంగుతో విసురుకుంటూ అన్నట్టు, సన్నగా, స్పష్టంగా మౌలాబీ గొంతు వచ్చింది.

"అయిపోయిందా అల్లుడా? ఇంకనన్నా ఆ ఫ్యాను వెయ్యి నాయనా. ఉడికి చస్తా ఉండా!"

టక్కుమని క్యాసెట్టు ఆగిన చప్పుడు. అంతే.

"ఇంకొకసారి పెట్టమ్మా" అన్నాడు కాలేషా. సాహిరా పెట్టింది. ఇంకొకసారి పెట్టించాడు. ఆ తర్వాత ఆయన భుజాలు కుదుపుగా కదలడం మొదలైంది. ఏడుస్తున్నాడనుకుని నూర్జాన్ దగ్గరకు జరిగింది. నవ్వుతున్నాడు. కళ్ళలోంచి నీళ్ళు గడ్డం దాకా కారుతున్నా నవ్వు ఆగడం లేదు.

"నన్ను రమ్మనలా నూర్జానూ! నన్ను పిలవలా అమ్మ! ఫ్యాను వెయ్యమనింది!" అన్నాడు. "ముప్పై ఏళ్ళు మోసినానే దీన్ని. ఫ్యానంట!"

నూర్జాన్ ఏడుస్తూ నవ్వింది. సాహిరా, ఏసుమణి కూడా కలిశారు. ఏంజెలిన్ పెట్టిన నవ్వు బొమ్మకు అర్థం అప్పటికి తెలిసిన దరియావలి మాత్రం, ఆ రోజు అత్తగారి మొహం మీద కారిన చెమట గుర్తొచ్చి, నోరు తెరిచి అట్లాగే కూర్చుండిపోయాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది.

కాలేషా మొహం తుడుచుకుని బావమరిది భుజం మీద ఒక్కటి చరిచాడు.

"ఏందయ్యా చూస్తా ఉండావ్? మా అమ్మ చెప్పింది వినపడలా?"

దరియావలి లేచి వెళ్ళి, అత్తగారి మాట ప్రకారం ముప్పై ఏళ్ళు ఆలస్యంగా ఫ్యాను వేశాడు. అది గుయ్ మంది. మైకు సెట్టు దరియావలికి ఆ చప్పుడు వినపడనే లేదు.